అన్న పోయిన ఇంట్లో తమ్ముడు

సివిల్స్ మెయిన్స్ మూడో జనరల్ స్టడీస్ పేపరు సిలబస్‌లో 2013 నుంచి ఒక వాక్యం ఉంది: అభివృద్ధికీ, తీవ్రవాద వ్యాప్తికీ ఉన్న సంబంధాలు. అశోక్‌నగర్ జిరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగ్ చేసి అమ్మే ‘అంతర్గత భద్రత’ నోట్సులో ఆ వాక్యం కింద శ్రీకాకుళం, కరీంనగర్, దంతెవాడ అన్నీ పాయింట్లయిపోయి ఉంటాయి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని ఆ పాయింట్లు బట్టీ పడుతున్న పిల్లల్లో ఆ జిల్లాల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఊళ్లలో ఆ చరిత్రకు మనుషుల పేర్లుంటాయి. నోట్సులో ఉండవు. నన్ను చాలాకాలంగా బాధపెడుతున్నది అదే.

ఈ సంవాదంలో మాట్లాడే ఇద్దరూ నా కల్పన. ఒకరు నిఘా విభాగంలో పనిచేసి రిటైరై, అశోక్‌నగర్‌లో అంతర్గత భద్రత పాఠం చెప్పే కరీంనగర్ అధికారి. మరొకరు ఆయన దగ్గరే గ్రూప్ 1కి చదివి, ఆ దారి వదిలేసి హింసాత్మక తీవ్రవాదం మీద పరిశోధనకు వెళ్లిన ఉద్దానం అమ్మాయి. వాళ్లు వాదించుకునే ఘటనలు మాత్రం జరిగినవే. సాయంత్రం క్లాసు అయ్యాక లైబ్రరీ గేటు దగ్గర కలిసి, నారాయణగూడ వైపు నడుస్తున్నారు.

అధికారి: నీ థీసిస్ పేరు చూసిన బిడ్డా. ఇరవై ఏండ్ల కింద రావాల్సింది నువ్వు. ఇప్పుడు ఆపనీకి ఏమున్నది? 2025 మే 21న మావోయిస్టు నాయకుడు బసవరాజు అబూజ్‌మడ్‌ల పోయిండు. అక్టోబర్‌ల మల్లోజుల వేణుగోపాల్ తన మనుషులతోని గడ్చిరోలిల తుపాకులు అప్పజెప్పిండు. నవంబర్ 18న మారేడుమిల్లి అడవిల హిడ్మా. కేంద్రం 2026 మార్చి 31 అని గడువు కూడ పెట్టింది. అయిపోయినదాని మీద రీసెర్చి ఏంది?

పరిశోధకురాలు: అయిపోయిందని 1951లోనూ అన్నారు సార్, తెలంగాణ సాయుధ పోరాటం విరమించినప్పుడు. 1970 జులైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయాక మా వైపూ అన్నారు. పదేళ్లు తిరిగేసరికి, 1980 ఏప్రిల్‌లో కొండపల్లి సీతారామయ్య పీపుల్స్ వార్ పెట్టారు. ముగిసిందా లేదా అని తేల్చడం నా పని కాదు. ఎవరు వెళ్లారు, ఎవరు వెళ్లలేదు, ఎందుకు. అంతే.

అధికారి: ఎవరు పోయిన్రో నన్నడుగు, చెప్త. లొంగిపోయినోళ్ల స్టేట్‌మెంట్లు చదువుడే నా సర్వీసుల సగం పని. భూమి లేనోడు, దొర కొట్టినోడు, ఫారెస్టోళ్లు సతాయించినోడు, చదువు మధ్యల ఆపినోడు. అందరి కథ అదే.

పరిశోధకురాలు: బసవరాజు వరంగల్ ఆర్‌ఈసీ ఇంజినీరు. 2010 జులైలో ఆదిలాబాద్ అడవిలో చనిపోయిన ఆజాద్ కూడా ఆ కాలేజీలోనే చదివాడు. వాళ్లకు ఏ భూమి లేదు? ఏ చదువు ఆగింది? పేదరికమే కారణమైతే ఉత్తరాంధ్రలో సగం ఊళ్లు అడవిలో ఉండాలి. మా ఊళ్లలో ఎక్కువమంది జీడితోటల్లోనే ఉండిపోయారు, లేదా వలస వెళ్లారు. ఆ స్టేట్‌మెంట్లలో ఒక చిక్కుంది సార్. లొంగిపోయిన మనిషి ఎదురుగా పోలీసు కూర్చున్నాడు. ఆ పోలీసు వినాలనుకున్నదే ఆ మనిషి చెబుతాడు.

అధికారి: మేము గుడ్డిగ నమ్మినమనుకుంటున్నవా? ఒకని మాట ఇంకొకని మాటతోని సరిచూసినం. డంపు ఫలానా గుట్ట కాడ ఉన్నదంటే పోయి తవ్వినం. తుపాకులు దొరికినయ్.

పరిశోధకురాలు: డంపు సంగతి అలా తేలుతుంది. ఆ మనిషి ఇల్లు వదిలిన కారణం ఏ గుట్ట దగ్గర తవ్వితే తేలుతుంది?

అధికారి: మరి నువ్వెట్ల తేలుస్తవ్? సచ్చిపోయినోడు నీకు ఇంటర్వ్యూ ఇయ్యడు. దొరికేది బతికి బయటపడ్డోడే. వాడు అలిసిపోయి వచ్చినోడు, పార్టీ మీద మనసు ఇరిగినోడు. వాని మాటలతోని అందరి కథ రాస్తవా? నా స్టేట్‌మెంట్లకు ఒక వంక పెడితే నీ ఇంటర్వ్యూలకు రెండు పెట్టొచ్చు.

ఈ దెబ్బ గట్టిదే. ఈ రంగంలో ఎవరు రాసినా ముందు తగిలేది ఇదే. వెళ్లినవాళ్లని మాత్రమే చదివి, వెళ్లడానికి కారణం ఇదీ అని రాసిన పుస్తకాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. అదే కారణం ఉండి కూడా వెళ్లని లక్షలమంది వాటిలో కనిపించరు.

పరిశోధకురాలు: అందుకే నేను వెళ్లినవాళ్లతో మొదలుపెట్టలేదు. ఒక ఇల్లు తీసుకుంటాను. అన్న దళంలోకి పోయాడు, తమ్ముడు పోలేదు. అవే గోడలు, అదే అమ్మా నాన్నా, అవే కష్టాలు. పెద్దగా మారిందేమీ లేదు. తమ్ముణ్ని అడుగుతాను. మీరు అన్న గురించి స్టేట్‌మెంట్ రాశారు. తమ్ముణ్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

అధికారి: అడగకేం. అన్న ఎక్కడున్నడని నెలకోసారి స్టేషన్‌కు పిలిచి అడిగినం.

పరిశోధకురాలు: అదే అంటున్నాను సార్. ‘నువ్వెందుకు వెళ్లలేదు’ అని ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెబుతున్నారో తెలుసా? సిద్ధాంతం నచ్చలేదని ఎవరూ అనడం లేదు. చేతిలో చంటిబిడ్డ ఉంది. అన్నను తీసుకెళ్లిన స్నేహితుడు నాతో చనువుగా ఉండేవాడు కాదు. మేస్త్రీ నన్ను సూరత్ తీసుకెళ్లాడు. ఇలాంటివే. అమెరికాలో మార్క్ సేజ్‌మన్ అనే మానసిక వైద్యుడు 2004లో 172 మంది జిహాదీల జీవితాలు కూర్చాడు. అందులోనూ ఎక్కువమంది స్నేహితుల వెంటో, బంధువుల వెంటో వెళ్లినవాళ్లే. దారి చూపించింది కరపత్రం కాదు, తెలిసిన మనిషి.

అధికారి: పెద్దపల్లికి పోదాం రా. మల్లోజుల కోటేశ్వరరావు పోయిండు, కిషన్‌జీ అయిండు, 2011 నవంబర్ 24న బెంగాల్‌ల సచ్చిండు. తమ్ముడు వేణుగోపాల్ కూడ పోయిండు గద. నీ అన్నదమ్ముల లెక్క అక్కడ ఏమైంది?

పరిశోధకురాలు: అక్కడ ఇంకా గట్టిపడింది. అన్న వెనక తమ్ముడు. తిరిగి రావడం కూడా చూడండి. వేణుగోపాల్ భార్య తారక్క 2025 జనవరిలోనే లొంగిపోయింది. ఆయన అక్టోబరులో వచ్చాడు. ఆమె వచ్చింది కాబట్టే ఆయన వచ్చాడని నేను రాయను. అలా రాస్తే అబద్ధం. కానీ ఆ వరస పక్కన పెట్టలేను. మనిషి పోయేటప్పుడు ఎవరి చెయ్యి పట్టుకుని పోయాడో, వచ్చేటప్పుడు అలాంటి చెయ్యే ఒకటి ఇవతల ఉండాలి. ఆ చేతిని పోలీసు నరికేస్తే ఇక రాడు.

అధికారి: నరికేస్తే అంటున్నవ్. సూటిగ చెప్పు.

పరిశోధకురాలు: 2007 మే 18, మక్కా మసీదు. బాంబుకు తొమ్మిది మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. పాతబస్తీ పిల్లల్ని పదుల సంఖ్యలో పట్టుకెళ్లారు. కేసులు కోర్టుల్లో నిలవలేదు. ప్రభుత్వమే తర్వాత వాళ్లకు పరిహారమూ, మంచి నడవడిక పత్రాలూ ఇచ్చింది. ఆ పరిహారం చెల్లదని హైకోర్టు అంది. సీబీఐ, ఎన్ఐఏ ఇంకో దిక్కుకు వెళ్లి హిందూ సంస్థలవాళ్ల మీద కేసు పెట్టాయి. 2018 ఏప్రిల్ 16న వాళ్లనూ నాంపల్లి కోర్టు వదిలేసింది. దోషి ఎవరో తేలలేదు. జైలుకెళ్లొచ్చిన పిల్లవాడి ఇంట్లో, రేపు ఒక తమ్ముడు ఇంటర్నెట్‌లో ఏదో చూసి మారిపోతుంటే, ఆ తల్లి మీకు ఫోన్ చేస్తుందా?

అధికారి: చేసిన తల్లులున్నరు బిడ్డా. అది నువ్వు రాయాలె. 2014ల సిరియాకు పోదమని బయలెల్లి బెంగాల్‌ల దొరికిన హైదరాబాద్ పిల్లలను మన పోలీసులు అరెస్ట్ చెయ్యలే. తల్లిదండ్రులను కూసొబెట్టి, కౌన్సెలింగ్ ఇచ్చి, ఇంటికి పంపిన్రు. దేశంల అప్పటికి అట్ల చేసినోళ్లు తక్కువ. ఏమైంది? 2015 డిసెంబర్‌ల నాగపూర్ ఎయిర్‌పోర్టుల ముగ్గురు దొరికిన్రు. వాళ్లల ముందు కౌన్సెలింగ్ తీసుకున్నోడు మళ్ల ఉన్నడు. నీ చెయ్యి అందిస్తే పట్టుకున్నట్టు చేసి మళ్ల పోయిండు. నీ థీసిస్‌ల దీనికి ఏ చాప్టర్?

పరిశోధకురాలు: అదే మొదటి చాప్టర్ కావాలి. ఒకడు మళ్లీ వెళ్లాడు. మిగతావాళ్లు వెళ్లలేదు. పేపర్లు రాసింది ఆ ఒకడి గురించే. మిగతావాళ్లు ఏ పనిలో ఉన్నారో, ఎవరు వాళ్లతో కూర్చుని మాట్లాడారో, ఎన్నిసార్లో, ఎవరికైనా తెలుసా? డెన్మార్క్‌లో ఆర్హుస్ అనే ఊరు ఉంది. అక్కడ పోలీసులూ, మునిసిపాలిటీవాళ్లూ కలిసి సిరియా నుంచి తిరిగొచ్చినవాడికి ఒక తోడు మనిషిని ఇస్తారు, చదువో ఉద్యోగమో చూస్తారు. ఏళ్ల తరబడి. ఒక మధ్యాహ్నం స్టేషన్లో కూర్చోబెట్టి మందలించి పంపడాన్ని కౌన్సెలింగ్ అంటే ఎలా సార్?

అధికారి: ఆర్హుస్‌ల ఎంతమంది ఉంటరు? మాకు ఒక్కో ఇన్‌స్పెక్టర్‌కు బందోబస్తు, గణేష్ నిమజ్జనం, వీఐపీ డ్యూటీ.

అశోక్‌నగర్ చౌరస్తా వచ్చింది. హాస్టళ్ల ముందు బైకులు, మెస్ బోర్డులు, టెస్ట్ సిరీస్ ఫ్లెక్సీలు. టీ బండి దగ్గర నిలబడి కరెంట్ అఫైర్స్ అప్పగించుకుంటున్న కుర్రాళ్లు.

పరిశోధకురాలు: మీరు క్లాసులో బోర్డు మీద రాసే ప్రొఫైల్ ఒకసారి చెప్పండి సార్. తీవ్రవాదం వైపు వెళ్లే అవకాశమున్నవాడి లక్షణాలు.

అధికారి: పద్దెనిమిది నుంచి ముప్పై వయసు. చదువుకున్నడు, ఉద్యోగం లేదు. ఊరు వదిలి హాస్టల్లనో రూములనో ఉంటడు. అన్యాయం జరిగిందని కోపం. గుంపుల తిరుగుతడు.

పరిశోధకురాలు: ఇప్పుడు చుట్టూ చూడండి.

అధికారి: ...ఊఁ.

పరిశోధకురాలు: మీ బోర్డు ప్రకారం ఈ చౌరస్తా అంతా అనుమానితులే. 2024 అక్టోబరులో గ్రూప్ 1 జీవో 29 మీద ఈ పిల్లలే రోడ్డెక్కారు. లాఠీలు తిన్నారు. హైకోర్టుకు వెళ్లారు, సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆపం అన్నాయి కోర్టులు. హాల్ టికెట్ పట్టుకుని మెయిన్స్ రాయడానికి వెళ్లారు. కోపం ఉంది, నష్టపోయామన్న బాధ ఉంది, వయసు ఉంది. తుపాకీ లేదు. కోపాన్నే లక్షణంగా రాస్తే వీళ్లలో ఒక్కణ్ని పట్టడానికి వెయ్యిమందిని అవమానిస్తారు. బ్రిటన్ 2015లో టీచర్ల మీదా, డాక్టర్ల మీదా చట్టం పెట్టింది, ఎవరైనా అలా మారుతున్నట్టుంటే చెప్పాలని. అక్కడి ముస్లిం తల్లిదండ్రులు స్కూల్లో పిల్లలు నోరు విప్పాలంటే భయపడుతున్నారని ఆ దేశం వాళ్లే రాశారు.

అధికారి: నువ్వు వెయ్యిమంది అవమానం లెక్క చెప్తున్నవ్. నేను ఒక్కడు చేసిన పని లెక్క చెప్త. ఇక్కడికెంచి బషీర్‌బాగ్ దిక్కు పోతే ఎల్బీ స్టేడియం. 1989ల గ్రేహౌండ్స్ పెట్టిన వ్యాస్ సార్‌ను 1993 జనవరి 27న అక్కడ కాల్చిన్రు. గన్‌మెన్ లేని టైం చూసి. 2008 జూన్ 29, బలిమెల. పడవల పోతున్నోళ్ల మీద పైనుంచి కాల్పులు. 38 మంది. ఎక్కువమంది మా గ్రేహౌండ్స్ పిల్లలే. నీళ్లలకెంచి శవాలు తీసుడు అయితుంటే ఇక్కడ వాళ్ల పెండ్లాలు కంట్రోల్ రూమ్‌కు ఫోన్లు. ఆ ఫోన్లు ఎత్తినోణ్ని నేను. బంధాలు, చేతులు అని నువ్వు చెప్తుంటే నాకు ఆ ఫోన్లే ఇనిపిస్తయ్. ప్రొఫైల్ తప్పైతే తప్పు. కాని నాకు రేపు పొద్దున దాకా టైం ఉండేది. నీకు ఐదేండ్లున్నయ్.

పరిశోధకురాలు: ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు సార్. ఉందని చెప్పను. ఒక్కటి అడుగుతాను. వ్యాస్ గారి హత్య కేసులో నిందితుడు నయీం. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో పోలీసుల చేతిలో చచ్చేనాటికి భూకబ్జాలు, బెదిరింపులతో ఒక రాజ్యం నడుపుకున్నాడు. మధ్యలో అన్నేళ్లు పోలీసులే వాణ్ని వాడుకున్నారని పౌరహక్కులవాళ్లు మొత్తుకుంటూనే ఉన్నారు. రేపు పొద్దుటి దాకే టైం ఉందని చేసిన పని అది. వ్యాస్ గారి పేరు తలుచుకునేవాళ్లకే అది ముందు మండాలి కదా?

అధికారి: మండింది. డిపార్ట్‌మెంట్ల చానామందికి మండింది. అది బయటికి రాలేదంతే.

పరిశోధకురాలు: బయటికి రావాలనే నా పని. మీ గ్రేహౌండ్స్ గెలిచిందన్నది నేను కాదనను. చిన్న టీములు, స్థానిక సమాచారం, అడవిలో వాళ్లలాగే నడవడం. మిగతా రాష్ట్రాలు ఇక్కడికొచ్చి నేర్చుకున్నాయి. నేర్చుకోకుండా ఛత్తీస్‌గఢ్ ఊళ్లవాళ్ల చేతికే తుపాకులిచ్చి సల్వాజుడుం నడిపింది. దాన్ని 2011 జులై 5న సుప్రీంకోర్టులో కొట్టేసిన బెంచిలో ఉన్నది మన రంగారెడ్డి జిల్లా బి. సుదర్శన్ రెడ్డి గారు. అదీ మన తెలుగువాళ్ల అనుభవమే. నోట్సులో గ్రేహౌండ్స్‌కు ఒక పేజీ ఉంటుంది. ఆయనకు ఒక లైను.

అధికారి: సరే, శంకరన్ సార్ గురించి కూడ అడుగుతవ్ ఇప్పుడు.

పరిశోధకురాలు: అడక్కుండా ఎలా ఉంటాను? 1987 డిసెంబరులో గుర్తేడు దగ్గర పీపుల్స్ వార్ ఎత్తుకెళ్లిన ఐఏఎస్‌లలో ఎస్.ఆర్. శంకరన్ గారు ఒకరు. అంతటి మనిషి, పదేళ్ల తర్వాత 1997లో పౌర స్పందన వేదిక పెట్టి, తనను ఎత్తుకెళ్లినవాళ్లకూ, వాళ్లను కాల్చేవాళ్లకూ ఉత్తరాలు రాశారు. ఊళ్లకు వెళ్లారు. రెండు వైపులా చనిపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లారు. తీవ్రవాదం మీద మన నేలమీద జరిగిన అసలు పరిశోధన అదేనని నేననుకుంటాను.

అధికారి: ఆ ఉత్తరాలతోనే 2004 చర్చలదాక వచ్చింది. అక్టోబర్ 15 నుంచి 18 దాక మంజీరా గెస్ట్ హౌస్. పీపుల్స్ వార్ రామకృష్ణ బయటికొచ్చి కూసున్నడు. దానికి నెల కింద, సెప్టెంబర్ 21న, వాళ్లు ఎంసీసీతోని కలిసి మావోయిస్టు పార్టీ అయిన్రు. మనతోని మాట్లాడుకుంట బలం పెంచుకున్నరు. 2005 జనవరి వరకు చర్చలు పోయినయ్. ఆగస్టు 15న నారాయణపేటల, జెండా పండుగ నాడు, ఎమ్మెల్యే నర్సిరెడ్డిని చంపిన్రు. నీ శంకరన్ సార్ మంచోడే. ఆయన మంచితనాన్ని ఆళ్లు వాడుకున్నరు.

పరిశోధకురాలు: పోలీసులు కూడా ఆ నెలల్లో ఎవరు బయటికొచ్చారో, ఎవరి ఇంటికి వెళ్లారో రాసుకున్నారు. కాదంటారా? ఇద్దరూ వాడుకున్నారు. అయినా చర్చల్లో భూమి మాట వచ్చింది కాబట్టే 2004 డిసెంబరులో కోనేరు రంగారావు కమిటీ వేశారు. ఏ ఎన్‌కౌంటర్ ఒక భూకమిటీని తెచ్చింది?

ఇక్కడ ఇద్దరికీ గొంతు పెరిగింది. నా వరకు చెబితే, చర్చలు విఫలమయ్యాయనే ఒక్క ముక్కతో ఆ నాలుగు రోజుల్ని కొట్టేసే రాతలు నాకు నచ్చవు. నర్సిరెడ్డి గారి హత్యను ‘కూడా’ అన్న మాటతో దాటేసే రాతలూ నచ్చవు.

అధికారి: నువ్వు సుందరయ్య విజ్ఞాన కేంద్రంల కూసుని నిజనిర్ధారణ రిపోర్టులు చదువుతవట. వాటిల పోలీసోడు ఎప్పుడూ దయ్యమే గద.

పరిశోధకురాలు: మీ ఫైళ్లలో వాళ్లు ఎప్పుడూ టెర్రరిస్టులే. అందుకే రెండూ చదవాలి. ఢిల్లీలో పి.వి. రమణ గారిలాంటివాళ్లు ఏళ్ల తరబడి ఈ పార్టీ నిర్మాణం మీద రాశారు, అదీ చదువుతాను. 2006లో ప్రణాళికా సంఘం ఈ తీవ్రవాద ప్రాంతాల మీద ఒక నిపుణుల బృందం వేసింది. అందులో బాలగోపాల్ గారున్నారు. అజిత్ దోవల్ గారూ ఉన్నారు.

అధికారి: బాలగోపాల్, దోవల్ ఒక్క రిపోర్టుల?

పరిశోధకురాలు: ఒక్క రిపోర్టులోనే. బాలగోపాల్ గారు పార్టీ హింసను తప్పుపట్టి పౌరహక్కుల సంఘం నుంచి బయటికొచ్చినవారు. 1998లో మానవ హక్కుల వేదిక పెట్టారు. ఆయన్ని దయ్యాల పుస్తకంలో వెయ్యలేరు మీరు.

అధికారి: వెయ్యను. ఆయన వాదన వేరే. ఇంకో సంగతి అడుగుత. నువ్వు ఇంటర్వ్యూ చేస్తుంటే ఒకడు, అక్కా ఫలానా కాడ ఇంకా సరుకు పాతిపెట్టి ఉన్నది అన్నడనుకో. ఏం చేస్తవ్? డిపార్ట్‌మెంట్‌కు చెప్తవా, థీసిస్‌ల దాస్తవా?

పరిశోధకురాలు: ఇదిగో, నేను తీసుకెళ్లే కాగితం ఇది. పేరు రాసే గడి లేదు, అంకె మాత్రమే. రికార్డర్ నొక్కకముందే పైన ఉన్న నాలుగు లైన్లు చదివి వినిపిస్తాను. కేసు తేలని నేరం గురించి, దాచిన ఆయుధం గురించి, ఇంకా లోపల ఉన్న మనిషి గురించి నాకు చెప్పొద్దు, చెబితే దాచి ఉంచే హక్కు నాకు చట్టం ఇవ్వలేదు. లాయరుకున్న రక్షణ పరిశోధకులకు లేదు. కొత్త నాగరిక సురక్షా సంహితలో 33వ సెక్షన్, పాత సీఆర్‌పీసీలో 39. కొన్ని పెద్ద నేరాల సంగతి తెలిస్తే ఎవరైనా చెప్పాల్సిందే. ఈ లైన్లు విన్నాక కొందరు లేచి వెళ్లిపోయారు. వెళ్లనిచ్చాను.

అధికారి: పోనిచ్చినవా! వాడే నీకు అసలు కథ చెప్పేటోడు.

పరిశోధకురాలు: కావచ్చు. ఆ కథ కోసం వాణ్ని జైలుకు పంపించలేను, నేనూ అబద్ధమాడలేను. అక్కడ నాకూ మీకూ పని వేరు. మీరు సమాచారం కోసం అడుగుతారు. నేను ఎందుకన్నది తెలుసుకోవడానికి అడుగుతాను. మీరు మీ పని ఆపమని అనడం లేదు. నా కాగితాలు మీ ఫైల్లోకి రాకూడదు, అంతే. ఒకసారి వచ్చాయంటే ఆ ఊళ్లో ఇంకే తలుపూ తియ్యరు. నా తర్వాత వచ్చేవాళ్లకూ తియ్యరు.

అధికారి: మరి నువ్వెన్నడూ అడగనోళ్లు ఉన్నరు. ఇన్ఫార్మర్లు. నాకు సమాచారం ఇచ్చినోడు, ఇచ్చిండని అనుమానంతోని ఆళ్లు చంపినోడు. కరపత్రం పెట్టి, ఊరి నడుమ. వాళ్లల ఎంతమంది నిజంగ నాకు చెప్పినోళ్లో నాకు తెల్సు. ఎంతమంది ఏమీ చెప్పనోళ్లో కూడ తెల్సు. నీ నిజనిర్ధారణ రిపోర్టులల వాళ్ల పేర్లు తక్కువ. మా అమరవీరుల స్తూపం మీద అసలే ఉండయ్.

పరిశోధకురాలు: ఆ ఇళ్లలోనూ తమ్ముళ్లున్నారు సార్. వాళ్ల దగ్గరికి వెళ్లాలంటే నాకు దారి తెలియదు. ప్రభుత్వం పరిహారం ఇచ్చిన లిస్టు ఉంటుంది కదా, తీవ్రవాదుల చేతిలో చనిపోయిన పౌరులకు?

అధికారి: ఉంటది. ఎఫ్ఐఆర్ అయినోళ్లు, కాగితాలు పెట్టుకున్నోళ్లు. భయానికి ఊరిడిసిపోయినోళ్లు ఆ లిస్టుల ఉండరు.

పరిశోధకురాలు: పోలీసులు కొరియర్ అనో, అన్నం పెట్టాడనో కాల్చేసిన పౌరుడు?

అధికారి: వాడు ఏ లిస్టులనూ ఉండడు. ఎన్‌కౌంటర్ల పోయిన నక్సలైట్ల లెక్కల పడ్తడు.

పరిశోధకురాలు: రెండూ ఒకే నోట్‌బుక్కులో రాస్తాను. మీరు ఊళ్ల పేర్లు చెప్పండి.

అధికారి: మనుషుల పేర్లు చెప్పను. ఊళ్లు చెప్త. నేను సంతకం పెట్టిన కాగితాల ఊళ్లు కూడ చెప్త. బస్సు వస్తున్నది, ఎక్కు. రేపు క్లాసు లేదు, పొద్దుగాల లైబ్రరీ తెరవంగనే రా.